కేబుల్ అరగాలి, పోర్టు బతకాలి

సంక్రాంతి దాటి మిర్చి సీజన్ మొదలైందంటే నా కౌంటరు మీదికి ఒకే రకం ఫోన్లు వస్తాయి. స్క్రీన్ బాగుంటుంది, బ్యాటరీ బాగుంటుంది, ఛార్జింగ్ మాత్రం ఎక్కదు. మాది గుంటూరు. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కూలీలు, కొట్లలో గుమాస్తాలు, ఆటోవాళ్లు, డెలివరీ పిల్లలు నా షాపుకి ఎక్కువగా వస్తారు. పోయిన ఫిబ్రవరిలో ఒక పెద్దాయన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఛార్జింగు ఎక్కట్లేదమ్మాయ్. ఇంకో షాపులో పిన్ను మార్చాలన్నారు, పన్నెండొందలు అడిగారు. నువ్వొకసారి చూడు" అన్నాడు.

టార్చి వేసి లోపలికి చూశాను. పోర్టు చివర నల్లగా కనిపించాల్సిన చోట ఎర్రటి గోడ ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, సన్నగా చెక్కిన టూత్‌పిక్‌తో అంచు వెంబడి మెల్లగా గీస్తే ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది: చొక్కా జేబులోని నూలు పీచు, మిర్చి దుమ్ము, చెమట కలిసి గట్టిపడిన ముద్ద. అంతా కలిపితే కందిగింజలో సగం ఉంటుంది. టిష్యూ మీద పెట్టి చూపించాను. కేబుల్ పెడితే టక్కుమని కూర్చుంది, ఛార్జింగ్ ఎక్కింది. ఆయన చాలాసేపు ఆ ముద్దనే చూస్తూ నిలబడ్డాడు. పన్నెండొందలు సంపాదించాలంటే ఆయన ఎన్ని టిక్కీలు మోయాలో నాకు తెలుసు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను 2011 నుంచి ఫోన్లు బాగుచేస్తున్నాను. నాన్న రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. సోల్డరింగ్ ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

ముందు మాటల దగ్గర తేడా రాకుండా చూసుకుందాం. ఫోన్‌కి ఉండే కన్నాన్ని పోర్టు అంటాను. కేబుల్ చివర ఉండి అందులో దూరేదాన్ని పిన్ను అంటాను. షాపుల్లో రెంటినీ పిన్నే అంటారు. "పిన్ను పోయింది" అని ఎవరైనా చెబితే, పోయింది కేబుల్‌దా, ఫోన్‌దా అని తప్పకుండా అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే 150 రూపాయలతో పోయేది 1,000 దాటుతుంది.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

అనుమానించాల్సినవి నాలుగు: గోడ సాకెట్, అడాప్టర్, కేబుల్, పోర్టు. ఈ వరసలోనే చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో సాకెట్ వదులై ఉంటే దానికి ఫోన్‌ని తప్పుపట్టి నా దగ్గరికి తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

అదే అడాప్టర్, అదే కేబుల్ ఇంట్లో ఇంకో ఫోన్‌కి పెట్టి చూడండి. అది మామూలుగా ఎక్కితే తప్పు మీ ఫోన్ వైపు ఉంది. దానికీ ఎక్కకపోతే కేబుల్ ఒక్కటే మార్చి చూడండి, తర్వాత అడాప్టర్. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు.

ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి పోతుంది. దీన్నే మనం లూజ్ కాంటాక్ట్ అంటాం. అప్పుడు ఇలా చేయండి. ఫోన్‌ని బల్ల మీద పడుకోబెట్టి, పిన్ను కదలకుండా ఒక చేత్తో పట్టుకోండి. రెండో చేత్తో పిన్ను వెనక రెండు అంగుళాల దాకా కేబుల్‌ని అటూ ఇటూ మెల్లగా వంచండి. ఛార్జింగ్ గుర్తు వచ్చిపోతూ ఉంటే కేబుల్ మెడ దగ్గర తీగ తెగింది. అలా వంచినా ఏమీ కాకుండా, పిన్నునే పోర్టులో కాస్త కదిపినప్పుడు పోతుంటే పిన్ను అరిగి ఉండాలి, లేదా పోర్టు వదులై ఉండాలి. అప్పుడు కొత్త కేబుల్ తెచ్చి అదే పరీక్ష మళ్లీ చేయండి. కొత్తది గట్టిగా కూర్చుంటే పోర్టుకి ఏమీ కాలేదు.

టైప్ సీ ఫోన్‌కి, అంటే పిన్ను ఎటు తిప్పి పెట్టినా దూరే పోర్టు ఉన్నదానికి, ఇంకో తేలిక పరీక్ష ఉంది. పిన్నుని ఒకవైపు పెట్టినప్పుడు ఎక్కి, తిప్పి పెడితే ఎక్కట్లేదనుకోండి. రెండు మూడు కేబుళ్లతో చూసినా అంతే ఉంటే తప్పు ఫోన్ పోర్టులో ఉంది. పోర్టు మధ్యలో ఉండే పలచటి నాలుకకి ఒక పక్క మురికి పట్టడమో, ఆ పక్క కాంటాక్టులు పోవడమో జరిగి ఉంటుంది. మురికైతే శుభ్రం చేస్తే పోతుంది.

ఛార్జింగ్ ఎక్కుతున్నా నెమ్మదిగా ఎక్కడం వేరే సంగతి. ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీ లాంటి ఫోన్లకి ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి వాళ్లదే వేరుగా ఉంటుంది. దానికి తగ్గ అడాప్టర్, కేబుల్ రెండూ జతగా ఉంటేనే ఆ వేగం వస్తుంది. బంధువుల ఇంట్లో వేరే ఛార్జర్‌తో నెమ్మదిగా ఎక్కిందని పోర్టు మార్పించుకోవాల్సిన పనిలేదు.

పోర్టు శుభ్రం చేయడం

పోర్టులో మురికి చేరిందని కంటితోనే పట్టుకోవచ్చు. మంచి పోర్టులో పిన్ను పూర్తిగా దిగినప్పుడు దాని ఇనుప భాగం దాదాపు కనపడదు. గోరు అంచంత ఇనుము బయటికి కనిపిస్తోందంటే, టక్కుమనే ఆ చిన్న శబ్దం రావట్లేదంటే, లోపల ఏదో అడ్డం ఉంది. పిన్ను పెట్టిన ప్రతిసారీ ఆ పీచుని మనమే ఇంకాస్త లోపలికి దట్టిస్తూ ఉంటాం. అందుకే అది అట్టలాగా గట్టిపడుతుంది.

ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. చెక్క టూత్‌పిక్ తీసుకుని బ్లేడుతో కొసని పలచగా, బద్దలాగా చెక్కండి. చెక్కకుండా పెడితే పట్టదు. టైప్ సీ పోర్టు మధ్యలో మిల్లీమీటరు మందం కూడా లేని నాలుక ఒకటి ఉంటుంది, దానికి పైనా కిందా మిగిలే సందు మిల్లీమీటరు లోపే. ఆ నాలుకని నొక్కకూడదు, గీకకూడదు. పుల్లని ఎప్పుడూ బయటి గోడకి ఆనించి, లోపలి చివర దాకా తీసుకెళ్లి, బయటికి లాగాలి. ఫోన్‌ని పోర్టు కిందికి ఉండేట్టు పట్టుకుంటే ఊడినది అదే రాలుతుంది. నాలుగు మూలల్లో ఎక్కువ పేరుకుంటుంది, అక్కడ ఓపిక పట్టండి. జిడ్డు ఉంటే మెత్తటి పాత టూత్‌బ్రష్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్ది రుద్దండి, ఆరేదాకా ఆగండి. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, అవి లోపలే ఉండిపోతాయి.

సూది, గుండుసూది, సిమ్ ట్రే పిన్ను, జడపిన్ను ఏవీ వాడకండి. 2013లో నేనే ఆ తప్పు చేశాను. ఒక డిగ్రీ అబ్బాయి ఫోన్‌కి ఉన్న మైక్రో యూఎస్‌బీ (టైప్ సీకి ముందు వచ్చిన చిన్న రకం) పోర్టుని సూదితో శుభ్రం చేస్తుంటే లోపలి ప్లాస్టిక్ నాలుక పుటుక్కున విరిగింది. శుభ్రం చేస్తే బాగయ్యే ఫోన్ అది. కొత్త పోర్టు నా డబ్బుతో వేసి, రెండు రోజుల తర్వాత ఇచ్చాను. ఆ రెండు రోజులూ ఆ పిల్లాడు హాల్ టికెట్ మెసేజ్ వస్తుందేమోనని పొద్దునా సాయంత్రం షాపు దగ్గరికి వచ్చి వెళ్లాడు. అప్పటినుంచి నా బల్ల మీద సూది లేదు. కొబ్బరి చీపురుపుల్ల కూడా వద్దు, కొస విరిగి లోపలే ఉండిపోతుంది.

నోటితో ఊదితే తుంపర్లు లోపలికి పోతాయి. ఆటోవాళ్లు కొందరు పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తారు. ఆ గాలితో పాటు కంప్రెసర్‌లోని నీళ్లు, ఆయిలు పోర్టులోకి వెళ్తాయి. ఒత్తిడికి దుమ్ము ఇంకా లోపలికి, మైకు కన్నం దాకా పోతుంది. దయచేసి అది మానండి.

ఐఫోన్ల సంగతి ఒక్క మాటలో చెప్తాను. 2012లో ఐఫోన్ 5తో వచ్చిన లైట్నింగ్ పోర్టులో మధ్య నాలుక ఉండదు కాబట్టి శుభ్రం చేయడం తేలిక. కానీ కాంటాక్టుల స్ప్రింగులు ఫోన్ లోపలే ఉంటాయి, వాటికి పుల్ల తగిలించి లాగితే వంగుతాయి. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి అన్నీ టైప్ సీనే, పైన చెప్పిందే వాటికీ.

మిర్చి యార్డు, జిన్నింగ్ మిల్లు, రైసు మిల్లు, పిండిమర, సిమెంటు పని, ఇలాంటిచోట రోజూ ఉండేవాళ్లు నెలకోసారి టార్చి వేసి చూసుకుంటే చాలు. జేబులో పెట్టేటప్పుడు పోర్టు పైకి ఉండేట్టు పెట్టండి. జేబు అడుగునే పీచంతా ఉంటుంది. పది రూపాయలకి దొరికే రబ్బరు మూత కూడా బాగా పనిచేస్తుంది, కాకపోతే తడిగా ఉన్నప్పుడు మూయకూడదు.

ఎవరు ముందు అరగాలో తయారుచేసినవాళ్లే నిర్ణయించారు

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. ఎంతమందికి చెప్పినా తనివి తీరదు.

కనెక్టర్‌ని ఎన్నిసార్లు పెట్టి తీస్తే తట్టుకోవాలో యూఎస్‌బీ స్టాండర్డ్‌లో లెక్క ఉంది. అడాప్టర్ వైపు ఉండే పాత వెడల్పాటి పిన్నుకి 1,500 సార్లు. పాత కెమెరాలకి, ఎంపీత్రీ ప్లేయర్లకి ఉండే మినీ యూఎస్‌బీకి 5,000. 2007లో ప్రకటించిన మైక్రో యూఎస్‌బీకి 10,000. 2014లో వచ్చిన టైప్ సీకి కూడా 10,000.

మినీ నుంచి మైక్రోకి వచ్చేటప్పుడు సంఖ్య ఒక్కటే పెంచలేదు. అరిగే భాగాన్నే అటునుంచి ఇటు మార్చారు. కనెక్టర్‌లో ముందు అలిసిపోయేవి స్ప్రింగులు, పట్టుకునే కొక్కేలు. మైక్రోలో వాటిని ఫోన్‌లోంచి తీసేసి కేబుల్ పిన్నులో పెట్టారు. టైప్ సీ కూడా అదే దారిలో నడిచింది. ఫోన్‌లోని నాలుక మీద ఉండేవి కదలని కాంటాక్టులు. వాటిని నొక్కిపట్టే స్ప్రింగులు, నాలుక పక్కల గాట్లలో పట్టుకునే క్లిప్పులు పిన్ను లోపల ఉంటాయి. కేబుల్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఫోన్ పోకూడదు అనే ఆలోచనతో చేసిన పని అది. కేబుల్ వదులుగా ఊగుతుంటే చాలాసార్లు అలిసిపోయింది దాని స్ప్రింగులే. అది తన పని తాను చేసి అరిగింది. ఇక తీసేయాలి. మనం చేసేది దానికి తలకిందులు: అరిగిన కేబుల్‌ని ఒకవైపుకి వంచి, కింద అగ్గిపెట్టె పెట్టి, రబ్బరుబ్యాండు చుట్టి, ఎక్కేదాకా నొక్కి పెడతాం. ఆ వంపు బరువంతా ఫోన్ నాలుక మీద పడుతుంది. 150 రూపాయల వస్తువుని కాపాడటానికి 15,000 రూపాయల వస్తువుని అడ్డం పెట్టినట్టు.

10,000 అంటే రోజుకి మూడుసార్లు పెట్టి తీసినా తొమ్మిదేళ్లు. మరి నా దగ్గరికి రెండేళ్లకే ఎందుకొస్తున్నాయి? ఆ లెక్క నిటారుగా పెట్టి నిటారుగా తీసినప్పటిది. పక్కకి వంచి లాగడం దాంట్లో లేదు.

పక్కబరువు ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని పొట్ట మీద నిలబెట్టి వీడియో చూడటం. అప్పుడు ఫోన్ బరువంతా పిన్ను మీదే ఉంటుంది. ఇది మానేస్తే చాలు, పోర్టు ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. రెండోది, ఎత్తులో ఉన్న స్విచ్‌బోర్డు అంచు మీద ఫోన్ నిలబెట్టడం. ఫ్యాను గాలికో, వైబ్రేషన్‌కో జారి, కేబుల్‌కి వేలాడుతుంది లేదా పిన్ను మీదే నేలకి పడుతుంది. అడాప్టర్‌కి తగిలించే ప్లాస్టిక్ హోల్డర్లు 30, 40 రూపాయలకి దొరుకుతాయి, ఒకటి తెచ్చి పెట్టండి. మూడోది, జేబులో పవర్‌బ్యాంకు, ఫోన్ కలిపి కుక్కి నడవడం.

నాలుగోది డెలివరీ పిల్లలది, వాళ్లకి వేరే దారి లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. హ్యాండిల్ మీద హోల్డర్‌లో ఫోన్, ట్యాంకు మీద సంచిలో పవర్‌బ్యాంకు, మధ్యలో వేలాడే కేబుల్. గతుకు వచ్చినప్పుడల్లా కేబుల్ బరువు పిన్నుని కిందికి లాగుతుంది, రోజంతా. దీనికి ఎల్ ఆకారం పిన్ను ఉన్న పొట్టి కేబుల్ తీసుకోండి. పిన్ను నుంచి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త వదులు ఉంచి, కేబుల్‌ని హోల్డర్‌కే వెల్క్రో పట్టీతో కట్టేయండి. ఇక ఊపు కట్టు దగ్గరే ఆగిపోతుంది, పోర్టు దాకా రాదు. మా వీధిలో తిరిగే ఒక తమ్ముడికి ఏడాదిలో రెండుసార్లు సబ్ బోర్డు, అంటే పోర్టు ఉండే చిన్న బోర్డు, మార్చాను. అలా కట్టుకోవడం మొదలుపెట్టాక మళ్లీ ఆ పని మీద రాలేదు. వర్షం వస్తే మాత్రం కేబుల్ పీకేయాలి.

ఆ 1,500 లెక్క కూడా మర్చిపోకండి. అడాప్టర్ వైపు వెడల్పాటి పిన్నుని రోజూ పీకి పెట్టొద్దు. దాన్ని అలాగే ఉంచి, ఫోన్ వైపు తీయండి, సాకెట్ స్విచ్ ఆపేయండి. ఎటువైపు తీసినా పిన్ను ఒంటిని పట్టుకుని నేరుగా లాగాలి, తీగ పట్టుకుని కాదు.

అయస్కాంతంతో అతుక్కునే పిన్నుల గురించి చాలామంది అడుగుతారు. పోర్టులో ఒక ముక్క ఎప్పుడూ ఉంటుంది, కేబుల్ దానికి టక్కున అంటుకుంటుంది. వినడానికి బాగుంటుంది కానీ నేను వద్దనే చెప్తాను. అవి యూఎస్‌బీ స్టాండర్డ్‌లో లేవు, కరెంటు ఉన్న కాంటాక్టులు బయటికి తెరిచి ఉంటాయి, ఆ అయస్కాంతానికి ఇనుపరజను పడుతుంది. మీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే, రాత్రిపూట దానిమీద పెట్టుకోవడం మేలు.

కేబుల్ మెడ దగ్గరే ఎందుకు తెగుతుంది

చచ్చిపోయిన కేబుల్ ఒకదాన్ని ఎప్పుడైనా కోసి చూడండి. నిన్న నేను కోసిన దాని సంగతి చెప్తాను. పై తొడుగు పిన్ను దగ్గర గోధుమరంగుకి తిరిగింది. బ్లేడుతో నిలువునా చీరితే లోపల ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ తీగలు. ఎరుపు, నలుపు కరెంటుకి, మిగతా రెండూ డేటాకి. ఎరుపు తీగ తొడుగు తీస్తే లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు కనిపించాలి. మెడ దగ్గర అవన్నీ తెగిపోయి, మూడంటే మూడు పోగులు మిగిలాయి. ఫోన్‌కి వెళ్లే కరెంటంతా ఆ మూడింటిలోంచే పోతోంది. అందుకే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ రంగు మారింది. "పిన్ను దగ్గర కాలుతోందక్కా" అని తెచ్చేవాళ్ల కేబుళ్లలో నేను చూసేది ఎక్కువగా ఇదే.

రాగిని ఒకేచోట మళ్లీ మళ్లీ వంచితే గట్టిపడి పుటుక్కుమంటుంది. పిన్ను గట్టిది, కేబుల్ మెత్తనిది. ఆ రెండూ కలిసేచోటే వంపంతా పడుతుంది. కాబట్టి కేబుల్‌ని కాపాడటమంటే ఆ రెండు అంగుళాలని కాపాడటమే. పిన్ను దగ్గర కేబుల్ ఒక వేలు పొడవున నేరుగా ఉండి, తర్వాతే వంగేట్టు చూసుకోండి. అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టకండి. అరచేయంత గుండ్రంగా, దానికదే పడే వైపుకి వదులుగా చుట్టి, వెల్క్రోతోనో రబ్బరుబ్యాండుతోనో మధ్యలో కట్టండి, మెడ దగ్గర కాదు. కొత్త కేబుల్ మెడకి స్ప్రింగు చుట్టడం మంచిదే, బాల్‌పెన్ను స్ప్రింగు చాలు. అది వంపుని ఒకచోట పడకుండా పరుస్తుంది. తెగడం మొదలయ్యాక చుట్టి లాభం లేదు.

పై తొడుగు మాత్రమే చిట్లి, లోపలి తీగలు బాగుంటే వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది. రాగి కనిపించినా, పిన్ను చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా అక్కడితో ఆపేయండి. ఇన్సులేషన్ టేపు చుడితే తెగిన పోగులు అతకవు, వేడి మాత్రం లోపలే దాగుతుంది. ముఖ్యంగా పరుపు మీద, దిండు కింద అలాంటి కేబుల్ వద్దే వద్దు.

కొనేటప్పుడు

బయట అల్లికతో ఉన్న కేబుల్ గట్టిదని చాలామంది నమ్మకం. అల్లిక తొడుగుని కాపాడుతుంది, లోపలి రాగిని లావు చేయదు. చూడాల్సింది మెడ దగ్గర రబ్బరు ఎంత పొడవుంది, వంచితే మెల్లగా గుండ్రంగా వంగుతోందా లేక ఒక్కచోటే మడత పడుతోందా అన్నది.

తీగ మందం కొన్ని కేబుళ్ల మీద ముద్రించి ఉంటుంది, 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని. ఏడబ్ల్యూజీ అంటే తీగ గేజి. సంఖ్య తగ్గేకొద్దీ తీగ లావు. ఎంత తేడానో ఒక లెక్క చూడండి. మీటరు కేబుల్‌లో 2 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. కరెంటు తీగలు 28 గేజి అయితే రానూపోనూ కలిపి సుమారు 0.85 వోల్టు దారిలోనే పోతుంది. అడాప్టర్ దగ్గర 5 వోల్టులు బయల్దేరితే ఫోన్‌కి అందేది 4.15. అదే 24 గేజి అయితే పోయేది 0.34 మాత్రమే. సన్న తీగతో మూడు మీటర్ల కేబుల్ కొంటే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. పొడుగు కావాలంటే లావు తీగ ఉండాలి, లేదంటే మీటరుతో సర్దుకోవడమే నయం.

రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుల్ మామూలుగా 3 ఆంపియర్ల దాకా మోస్తుంది, అంటే 60 వాట్లు. అంతకు మించి, 100 వాట్ల ల్యాప్‌టాప్‌కి కావాలంటే లోపల చిన్న చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కొనాలి. ఫోన్ ఒక్కదానికే అయితే చాలావాటికి 60 వాట్లది సరిపోతుంది. ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ పోతే అదే కంపెనీది తీసుకోవడం తేలిక దారి.

అడాప్టర్ దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా పొదుపు చేయకండి. 230 వోల్టుల వైపునీ ఫోన్ వైపునీ విడదీసేది అదే. నాసిరకం అడాప్టర్లలో ఆ ఎడం సరిగా ఉండదు, షాకు కేబుల్ గుండా చేతిదాకా వస్తుంది. అడాప్టర్ మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) గుర్తు, ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ తయారీదారుదో చూపిస్తుంది. షాపులో నిలబడే కొట్టి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తడి

తడిసిన పోర్టులో కేబుల్ పెడితే, నీళ్లు ఉన్నచోట కరెంటు కాంటాక్టుల మీది పూతని తినేస్తుంది. మొదట నల్ల మచ్చ, తర్వాత ఆకుపచ్చ తుప్పు. లైట్నింగ్ కేబుల్ పిన్నులో ఒక్క గీత మాత్రం నల్లబడటం మీరు చూసే ఉంటారు. అలాంటి కేబుల్ని ఇంకో ఫోన్‌కి పెట్టకండి.

వానలో తడిసినా, చెమట పట్టినా, తెర మీద నీటిచుక్క గుర్తు వచ్చినా కేబుల్ తీసేయండి. పోర్టు కిందికి ఉండేట్టు పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. ఫ్యాను గాలి తగిలేచోట కనీసం అరగంట ఉంచండి. గుర్తు పోకపోతే ఒక రోజంతా ఆగాల్సి రావచ్చు. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, తవుడు, నూకలు పోర్టులోకి పోతాయి. ఆపిల్ కంపెనీ కూడా తన సూచనల్లో బియ్యం వద్దనే రాసింది. హెయిర్ డ్రయ్యరు, దూదిపుల్ల కూడా వద్దు. సముద్రపు నీళ్లు పడితే ఆరబెట్టడంతో సరిపోదు, ఉప్పు లోపలే ఉంటుంది. సూర్యలంక బీచ్ నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆఫ్ చేసి, ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా తీసుకురండి.

పోర్టు నిజంగానే మార్చాల్సి వస్తే

ముందు అడగాల్సింది: "సబ్ బోర్డా, మెయిన్ బోర్డా?" చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పోర్టు అడుగున చిన్న బోర్డు మీద ఉంటుంది. ఆ బోర్డు మార్చడం తేలిక పని. పోర్టు మెయిన్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే వేడి గాలి కొట్టే హాట్ ఎయిర్ మిషన్‌తో తీయాలి, చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. రెంటికీ ధరలో తేడా సహజం, కానీ ఏదో చెప్పకుండా ధర చెబితే ఒప్పుకోకండి. తీసేసిన పాత ముక్క మీకు ఇమ్మనండి.

సబ్ బోర్డు మీద పోర్టుతో పాటు చాలా ఫోన్లలో మైకు ఉంటుంది, సిగ్నల్ తీగ కూడా దాని దాకా వస్తుంది. అందుకే ఫోన్ చేతికివ్వగానే అక్కడే నిలబడి ఎవరికైనా కాల్ చేసి మీ మాట వినిపిస్తోందా అడగండి. సిగ్నల్ గీతలు ముందున్నన్ని ఉన్నాయా చూడండి, ఆ తీగ సరిగా నొక్కకపోతే తగ్గుతాయి. మీ సొంత ఛార్జర్ పెట్టి ఫాస్ట్ ఛార్జింగ్ అని పడుతోందా చూడండి. నకలు బోర్డుల్లో కొన్ని మామూలుగా ఎక్కించి ఊరుకుంటాయి. ఛార్జింగ్ పరీక్షకి లాక్ నంబరు అక్కర్లేదు, అడిగితే మీరే తెరిచి మీ ఎదుటే చూడమనండి. వాటర్‌ప్రూఫ్ ఫోన్ అయితే వెనక అతికించే గమ్ కొత్తది వేశారో లేదో అడగండి. వేసినా మునుపటిలా నీళ్లకి తట్టుకుంటుందనుకోవద్దు.

ఇంటికెళ్లాక చేయాల్సిన చివరి పని, పోర్టు పాడుచేసిన ఆ పాత కేబుల్ని వెతికి పట్టుకోవడం. సొరుగులో పడేస్తే నెలకి ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ తీసి కొత్త పోర్టులో పెడతారు. నా బల్ల కింద ఒక డబ్బా ఉంటుంది. చచ్చిన కేబుల్ ఏది వచ్చినా కత్తెరతో పిన్ను మెడ దగ్గర కట్ చేసి అందులో వేస్తాను, నిండాక రాగి కొనేవాళ్లకి ఇస్తాను. మొదట్లో చెప్పిన ఆ పెద్దాయన వారం తర్వాత తన ఇంట్లోవి నాలుగు పట్టుకొచ్చి, కత్తెర తనే తీసుకుని ఒక్కొక్కటీ కట్ చేసి డబ్బాలో వేసి వెళ్లాడు.